మెంటరా? మెంటలా?

పోయిన సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు నాన్నతో అన్నాను, "అక్కకి ఒక మెంటర్ కావాలి నాన్నా" అని. ఆయన పేపర్లోంచి తల ఎత్తకుండానే, "మెంటలా? ఉన్న మీరు చాలరా?" అన్నారు.

మామూలు రోజుల్లో అయితే పడీపడీ నవ్వేవాణ్ణి. ఆ రోజు నవ్వు రాలేదు. అక్క గాజులు బ్యాంకులో ఉన్నాయి. అవి అక్కడికి వెళ్లడానికి సగం కారణం నేనే.

అక్క అంటే మా పెదనాన్న కూతురు. అత్తవారిది ఆత్రేయపురం. ఊరి పేరు చెప్పగానే మీకు నోట్లో ఏం కరిగిందో నాకు తెలుసు. బావ తొమ్మిదేళ్లు కువైట్‌లో డ్రైవింగ్ చేసి, ఇక చాలని వచ్చేశాడు. ఇద్దరూ కలిసి పూతరేకుల వ్యాపారం మొదలుపెట్టారు. ఆ ఊళ్లో ఇంటింటికీ ఉన్న పనే. జయ బియ్యం నానబోసి రుబ్బిన పలచటి పిండి, బోర్లించిన కుండ, కింద కొబ్బరాకుల మంట. పిండిలో ముంచిన గుడ్డని కుండ మీద ఒక్క లాగు లాగితే ఉల్లిపొర లాంటి రేకు లేస్తుంది. ఆ లాగడం అక్కకి రాదు. రేకులు తీసేవాళ్ల దగ్గర కొంటుంది. నెయ్యి రాసి, పంచదారో బెల్లమో వేసి, జీడిపప్పు బాదంపప్పు చల్లి చుట్టించి, డబ్బాల్లో పెట్టి అమ్ముతుంది. 2023లో ఆత్రేయపురం పూతరేకులకి జీఐ ట్యాగ్ కూడా వచ్చింది కాబట్టి, ఇంకేముంది, ప్రపంచం మనదే అనుకున్నాం.

"మనదే" అనుకున్నవాళ్లలో మొదటివాణ్ణి నేను. ఇంజినీరింగ్ చదివాను, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఆరేళ్ల అనుభవం. వెబ్‌సైట్ కట్టాను. ఇన్‌స్టాగ్రామ్ పేజీ పెట్టాను. రంగురంగుల ఎక్సెల్ షీట్ ఒకటి చేసి దానికి "మూడేళ్ల ప్లాన్" అని పేరు పెట్టాను. ఎవరూ అడగకుండానే నాకు నేనే అక్కకి మెంటర్ అయిపోయాను.

ఇది చాలదన్నట్టు బావ ఫోన్లో ఎవరో బిజినెస్ కోచ్ తగిలాడు. పేరెందుకులెండి, మీ ఫోన్లో కూడా తగిలే ఉంటాడు. అద్దెకు తెచ్చిన కారు ముందు నిలబడి "మీ చిన్న వ్యాపారాన్ని బ్రాండ్‌గా మార్చండి" అంటాడు. ఉచిత వెబినార్, దాని చివర 15,000 రూపాయల కోర్సు. బావ కట్టేశాడు. కోర్సులో పాలకీ నెయ్యికీ స్టీలు డబ్బాలకీ, అన్నిటికీ ఒకటే మంత్రం: స్కేల్ చేయండి.

సరిగ్గా అప్పుడే దీపావళికి ఆర్డర్ వచ్చింది. నా ఫ్రెండ్ ద్వారా హైదరాబాద్‌లో ఒక కంపెనీ. ఉద్యోగులకి పంచడానికి 500 డబ్బాలు, డబ్బా 200 రూపాయలు, డబ్బులు 45 రోజుల తర్వాత. అక్క ఫోన్ చేసి ఒకటే అడిగింది: "డబ్బులు అంతాలస్యం ఏంట్రా?"

"కార్పొరేట్ అక్కా, ఎక్కడికి పోతాయి? ఒప్పేసుకో" అన్నాను. ఆ వాక్యం నేను ఇప్పటికీ మర్చిపోలేదు. నెయ్యికీ పప్పులకీ చేతిలో డబ్బు లేక గాజులు పెట్టి 80,000 తెచ్చారు.

డబ్బాలు వెళ్లాయి. తొంభై డబ్బాల్లో రేకులు నలిగిపోయాయని ఫోటోలతో సహా మెయిల్ వచ్చింది. పూతరేకు విరిగితే ఇక అది స్వీటు కాదండీ, పొడి. తొంభై డబ్బాల డబ్బు కోసేశారు. మిగతాది 45 రోజులకి కాదు, మూడు నెలలు దాటాక వచ్చింది. అందుకే సంక్రాంతికి గాజులు లేని చేతులతోనే అక్క మా ఇంటికొచ్చింది. ఎవరూ ఏమీ అనలేదు. ఎవరైనా ఒక మాట అంటే బాగుండేదనిపించింది.

చూడకుండా చెప్పే సలహా

ఆ రాత్రి నాకు పట్టిన ఆలోచన ఇది. మా ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లకి ఒక సీనియర్‌ని మెంటర్‌గా ఇస్తారు. నాకూ ఇచ్చారు. ఆయన నాకు గొప్ప మాటలేం చెప్పలేదు. నా కోడ్ తీసుకుని లైను లైనూ చదివేవాడు. "ఈ లూప్ ఎందుకు? ఈ పేరు ఎవరికి అర్థమవుతుంది? ఇక్కడ ఖాళీ వస్తే ఏమవుతుంది?" అంతే. మొదటి ఆరు నెలలు ఆయనంటే మంట. తర్వాత అర్థమైంది, నేను నేర్చుకున్నదంతా ఆ ప్రశ్నల్లోంచే అని.

మరి నేను అక్కకి చెప్పిన సలహాలు? ఒక్కసారైనా ఆమె లెక్క చూశానా? డబ్బాకి ఖర్చెంతో అడిగానా? కోడ్ తెరవకుండా రివ్యూ రాసేసినట్టే. కోచ్ గారూ అంతే, ఆయనకైతే అక్క పేరు కూడా తెలీదు. ఇద్దరం కలిసి ఒక మనిషిని అప్పులో దింపాం. తేడా ఏంటంటే ఆయన 15,000 తీసుకున్నాడు, నేను ఉచితంగా చేశాను.

నాన్న పేపర్ మడిచి, కాసేపాగి అన్నారు, "రావులపాలెంలో మా ఫ్రెండున్నాడు. అరటి గెలల వ్యాపారం. ఇప్పుడు కొడుకులు చూస్తున్నారు, ఆయన ఖాళీగానే ఉంటున్నాడు. వెళ్లి కూర్చోండి."

నేను వెంటనే, "అరటి గెలలకీ పూతరేకులకీ ఏం సంబంధం నాన్నా?" అన్నాను. చదువుకున్నవాడి ప్రశ్న అది. విరిగేది, నలిగేది, పాడయ్యేది, దూరం పంపాల్సింది, అరువు మీద అమ్మాల్సింది, ఈ ఐదూ రెండింట్లోనూ ఉన్నాయని నాకు తట్టలేదు. మనం మెంటర్ కోసం వెతికేటప్పుడు మన సరుకు అమ్మేవాణ్ణి వెతుకుతాం. మన తలనొప్పి పడ్డవాణ్ణి వెతకం.

మంగళవారం ఐదు గంటలకి

ఆత్రేయపురం నుంచి లొల్ల లాకుల మీదుగా కాలవ గట్టున వెళ్తే రావులపాలెం ఎంతసేపు. అక్కా, బావా, నేనూ వెళ్లాం. పెద్దాయన అరుగు మీద కుర్చీలో ఉన్నారు. అక్క చేతిలో పూతరేకుల డబ్బా చూసి, "ఇంకెప్పుడూ తేకమ్మా. నాకు షుగరు. ఇంట్లో మా ఆవిడ చూసిందంటే నిన్ను కూడా రానివ్వదు" అన్నారు. అది మొదటి షరతు. రెండోది, రావాలంటే ప్రతి మంగళవారం సాయంత్రం ఐదింటికే రావాలి, ఆలస్యమైతే ఆయన గుడికి వెళ్లిపోతారు. మూడోది, "ఉత్త చేతుల్తో రావద్దు, పుస్తకం తేవాలి."

"ఏం పుస్తకం బాబాయి గారూ?" అంది అక్క.

"లెక్కల పుస్తకం."

అక్క ఫోన్ తీసి పేమెంట్ యాప్‌లో హిస్టరీ చూపించింది. ఆయన కళ్లజోడు పెట్టుకుని, వేలితో పైకీ కిందకీ జరిపి, ఫోన్ తిరిగిచ్చేశారు. "ఇది నీ పుస్తకం కాదమ్మా. ఆళ్ల పుస్తకం. ఆళ్ల లెక్క ఆళ్లు రాసుకున్నారు. నీదేది?"

నా రంగుల ఎక్సెల్ షీట్ గురించి చెబుదామని నోరు తెరిచి మూసేశాను.

ఆ రోజు చేసిందల్లా, రోడ్డు దాటి పొడుగు పుస్తకం ఒకటి కొనుక్కుని ఇంటికి రావడం. ఇల్లు ఒక వైపు, వ్యాపారం ఒక వైపు రాయమన్నారు. "పిల్లాడి పప్పన్నంలోకి వ్యాపారం నెయ్యి ఒక గరిటె తీసినా రాయి. వద్దనను, తీసుకో. రాసి తీసుకో."

రెండో మంగళవారం ఆ 500 డబ్బాల లెక్క విప్పారు. దీని గురించి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే మీలో ఎవరైనా ఇంట్లోంచి ఏదైనా అమ్ముతుంటే ఇదే తప్పు చేస్తూ ఉండొచ్చు. అక్క దృష్టిలో డబ్బా ఖర్చు 138 రూపాయలు. అంటే రేకులు, నెయ్యి, పంచదార, పప్పులు. 200కి అమ్మితే 62 మిగులు, 500 డబ్బాలకి 31,000. మేం ముగ్గురం నమ్మిన లెక్క ఇదే. పెద్దాయన ఒక్కొక్కటే అడిగారు. చుట్టిన ఆడవాళ్లకి ఏమిచ్చావు? డబ్బాకి 20. ఉత్త డబ్బా ఎంత? 16. పైన అట్టపెట్టె, టేపు? లెక్కేస్తే డబ్బాకి 6. పార్శిల్? 14. మొత్తం 56. అంటే అసలు ఖర్చు 194. మిగిలేది ఆరు రూపాయలు. 500 డబ్బాలూ క్షేమంగా చేరి, డబ్బులు చెప్పిన రోజుకే వచ్చినా మిగిలేది 3,000.

"ఇప్పుడు తొంభై పోయాయి" అన్నారు. వచ్చింది 82,000, పెట్టింది 97,000. పదిహేను వేలు పోయింది, వడ్డీ కాకుండా.

బావ తల పట్టుకున్నాడు. అక్క మాత్రం ఊపిరి పీల్చుకుంది. తర్వాత నాతో చెప్పింది: "ఇన్నాళ్లూ నాకు చేతకాక పోయాయనుకున్నాన్రా. లెక్క తెలీక పోయాయి. చేతకానితనానికి మందు లేదు గానీ లెక్కకి ఉంది కదా."

మూడో వారం ఆయన అడిగిన ప్రశ్న, "ఎక్కడ విరిగాయి?"

"దారిలో" అన్నాం.

"దారంటే? నువ్వు డబ్బాలో పెట్టేటప్పుడా? ఎక్కించేటప్పుడా? లారీలోనా? దించేవాడు విసిరేడా?"

తెలీదు. మాకు నిజంగా తెలీదు. ఆయన చెప్పినట్టు మూడు డబ్బాలు మూడు రకాలుగా సర్ది నాకు హైదరాబాద్ పంపారు. ఒకటి ఎప్పటిలాగే. ఒకటి లోపల ఖాళీ లేకుండా కాగితం కూరి. ఒకటి వరసకీ వరసకీ మధ్య అట్ట పెట్టి. వాటిని మళ్లీ మళ్లీ, రెండు రకాల పార్శిళ్లలో. నా పని తెరిచి ఫోటో తీయడం. సాఫ్ట్‌వేర్‌లో దీన్ని టెస్టింగ్ అంటాం, దానికి జీతాలు కూడా ఇస్తాం. నేను అది అక్క ఇంట్లో చేయొచ్చని అనుకోలేదు, అంతే.

తేలిందేంటంటే, దారి తప్పు పెద్దగా లేదు. డబ్బా మూతకీ రేకులకీ మధ్య వేలెడు ఖాళీ ఉంది. అందంగా కనిపించాలని పెద్ద డబ్బా ఎంచింది ఎవరో మీరు ఊహించగలరు. అవును, నేనే. ఇన్‌స్టాగ్రామ్ ఫోటోలో బాగుంటుందని. పెద్దాయన విని, "గెలలెక్కించేటప్పుడు మధ్యలో ఎండాకు ఎందుకు కూరతాం బాబూ? ఖాళీ ఉన్నచోటే కాయ దెబ్బతింటాది" అన్నారు. డబ్బా చిన్నదైంది. రెండు రూపాయలు కూడా కలిసొచ్చింది.

ఇంకొకటి. ఆయన తన నష్టాలు చెప్పేవారు. ఒకసారి ఒడిశా వ్యాపారిని నమ్మి వరసగా రెండు లారీలు అరువు మీద పంపితే మనిషే కనిపించకుండా పోయాడట. "ఆ సంవత్సరం పెద్దమ్మాయి పెళ్లి ఆగిపోయింది" అన్నారు, ఏదో వాన పడింది అన్నంత మామూలుగా. అప్పట్నుంచి కొత్తవాడికి సగం ముందు, సగం సరుకు దిగిన రోజు. అక్క ఇప్పుడు అదే పద్ధతి. కోచ్‌ల వీడియోలు వందగంటలు చూడండి, ఎవరైనా పెళ్లి ఆగిపోయిన సంగతి చెబుతారేమో.

రత్నం గారి పెన్ను

పెద్దాయనని చూశాక నాకు రాజమండ్రి రత్నం పెన్నుల కథ కొత్తగా అర్థమైంది. మన జిల్లాల్లో పుట్టినవాళ్లు ఏదో ఒకసారి వినే ఉంటారు. కోసూరి వెంకట రత్నం గారు గాంధీగారిని కలిసి, దేశానికి పనికొచ్చేదేదైనా చేస్తానంటే, సామాన్యుడు వాడుకునే వస్తువు స్వదేశీగా చెయ్యమని ఆయన సూచించారని చెబుతారు. 1932 నాటికి రత్నం గారు పెన్నుల తయారీ మొదలుపెట్టారు. మొదట పంపిన పెన్నులో విదేశీ భాగం ఉందని గాంధీగారు ఒప్పుకోలేదని అంటారు. అఖిల భారత గ్రామీణ పరిశ్రమల సంఘం నడిపిన జె.సి.కుమారప్ప గారి ద్వారా చేరిన పెన్నుని మాత్రం వాడి చూసి, బజార్లో దొరికే విదేశీ పెన్నులకి బదులు ఇది పనికొస్తుందనే అర్థంలో 1935 జులై 16న ఉత్తరం రాశారు. ఆ కుటుంబం ఇప్పటికీ రాజమండ్రిలో పెన్నులు చేస్తూనే ఉంది.

చిన్నప్పుడు ఇది దేశభక్తి కథలా విన్నాను. ఇప్పుడు వింటే అచ్చం మెంటరింగ్ కథ. చూడండి, గాంధీగారు పెట్టుబడి ఇవ్వలేదు, పెన్ను ఎలా చెయ్యాలో చెప్పలేదు, ఆయనకి తెలీదు కూడా. ఒక లక్ష్యం ఇచ్చారు. చేసుకొచ్చింది చూశారు. బాగాలేనిది బాగాలేదన్నారు. తనకి తీరిక లేనిచోట తెలిసినవాళ్లని మధ్యలో పెట్టారు. చివరికి వాడి, వాడిన మాట రాసిచ్చారు. ఇటు రత్నం గారు చేసిందేంటి? "నాకు మార్గదర్శకత్వం చేయండి" అని ఉత్తరాలు రాస్తూ కూర్చోలేదు. ప్రతిసారీ చేతిలో ఒక పెన్నుతో వెళ్లారు.

పుస్తకం తేవాలమ్మా అన్నది ఇదే కదా.

ఉచితం ఎవరి జీతం మీద?

డబ్బు తీసుకునే కోచ్ మోసం, ఉచితంగా చెప్పేవాడు దేవుడు అని మీకు అనిపిస్తుందేమో. ఆగండి. భీమవరం వైపు మా మావయ్యకి రొయ్యల చెరువుంది. 2009 తర్వాత వనామీ వచ్చాక డెల్టాలో చెరువుల లెక్కే మారిపోయింది, సలహాదారుల లెక్కా మారింది. మావయ్య చెరువు గట్టు మీదకి వారానికి ఇద్దరు ముగ్గురు వస్తారు. నీళ్లు పరీక్ష చేస్తారు, చెక్‌ట్రే ఎత్తి చూస్తారు, ఎంతో మర్యాదగా మాట్లాడతారు, పైసా తీసుకోరు. ఒకరు మేత కంపెనీ, ఒకరు మందుల కొట్టు. మావయ్య ఒకసారి నాతో అన్న మాట: "అల్లుడూ, ఆళ్లు చెప్పేది తప్పని కాదు. కానీ ఏ రోజూ ఎవడూ 'ఈ వారం ఏమీ వెయ్యక్కర్లేదు' అనలేదు."

ఎవరు సలహా ఇచ్చినా ఈ ప్రశ్న నేను ఇప్పుడు మనసులో వేసుకుంటున్నాను: ఈయన నాకు "ఏమీ చెయ్యకు" అని చెప్పగలడా? చెబితే ఆయనకేమైనా నష్టమా? నష్టమైతే సలహా వినొచ్చు, కాకపోతే ఇంకొకరిని కూడా అడిగి వినాలి. ఆ ఇంకొకరు కూడా లేకపోలేదు. ఆక్వా రైతుల కోసం ఎంపెడా ఏర్పాటు చేసిన 'నాక్సా' కాకినాడలోనే ఉంది, రైతుల్ని సంఘాలుగా కూర్చి పద్ధతులు చెప్పడం వాళ్ల పని. మావయ్య మేత కొనేది ఆ డీలర్ దగ్గరే, నీళ్ల రిపోర్టు మాత్రం బయట కూడా చేయిస్తాడు.

ప్రభుత్వ పథకాల్లోనూ ఈ కళ్లజోడు పెట్టుకునే చూడాలి. తినే వస్తువులు చేసే చిన్నవాళ్ల కోసం 2020లో పీఎంఎఫ్‌ఎంఈ పథకం వచ్చింది. ప్రాజెక్టు ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా పది లక్షల దాకా సబ్సిడీ. ఐదేళ్లకని మొదలై 2025-26 దాకా పొడిగించారు, కాబట్టి మీరు అడిగే రోజుకి ఉందో లేదో ముందు కనుక్కోండి. దానిలో జిల్లా రిసోర్స్ పర్సన్ అని ఒకరుంటారు. ప్రాజెక్టు రిపోర్టు రాయడం, బ్యాంకుతో మాట్లాడటం, ఆహార లైసెన్సు, ఉద్యమ్ రిజిస్ట్రేషన్ అన్నీ చూస్తారు. మీరు వాళ్లకి డబ్బు ఇవ్వక్కర్లేదు, లోన్ మంజూరైన కేసు లెక్కన ప్రభుత్వమే ఫీజు ఇస్తుంది. చాలా పనికొచ్చే ఏర్పాటు. కాకపోతే చివరి ముక్క మళ్లీ చదవండి. లోన్ మంజూరైతేనే ఫీజు. కాగితాల పనిలో ఆయన మాట వినండి. అసలు లోన్ కావాలా వద్దా అన్నది ఇంకొకరితో కూర్చుని తేల్చుకోండి. అక్క విషయంలో ఆ అధికారి మంచివాడే, ఓపిగ్గా అన్నీ వివరించాడు. మిషన్ల జాబితా చూసి పెద్దాయన మాత్రం, "ఈ మిషను లేక ఏ ఆర్డరు పోయిందమ్మా?" అన్నారు. ఏదీ పోలేదు. దరఖాస్తు ఆగింది.

ఇంకా చోట్లున్నాయి. జిల్లా పరిశ్రమల కేంద్రం అందరికీ తెలిసిందే, వెళ్లేవాళ్లే తక్కువ. 2025 ఆగస్టులో మొదలైన రతన్ టాటా ఇన్నొవేషన్ హబ్‌కి రాజమహేంద్రవరంలోనూ కేంద్రం పెట్టారు, కొత్త ఆలోచనతో కంపెనీ పెట్టాలనుకునే ఇంజినీరింగ్ బ్యాచ్ అక్కడ అడగొచ్చు. పూతరేకులకి జీఐ తెచ్చుకున్న తయారీదారుల సంఘం ఆత్రేయపురంలోనే ఉంది. అక్క అందులో చాలాకాలం వరకూ అడుగు పెట్టలేదు. ఎందుకంటే వాళ్లంతా పోటీదారులట! ఇప్పుడు రేకులు ఎవరి దగ్గర బాగుంటాయి, వానాకాలం తేమకి ఏం చెయ్యాలి లాంటివి ఆమెకి చెబుతున్నది వాళ్లలోనే ఒకావిడ, నాలుగిళ్ల అవతల.

నిజానికి ఇది మన దగ్గర కొత్తేం కాదు. రాజమండ్రి తాడితోట హోల్‌సేల్ బట్టల మార్కెట్‌కి వెళ్లి నాలుగు కొట్ల ఓనర్లని కదిపి చూడండి, "మొదట ఫలానా వారి దగ్గర గుమాస్తాగా చేశానండి" అనేవాళ్లు తగులుతారు. షావుకారు పక్కన కూర్చుని, తానులు మోసి, అరువు వసూళ్లకి తిరిగి నేర్చుకోవడం. జీతం తీసుకుంటూ నేర్చుకునే ఎంబీఏ అన్నమాట. మనం ఆ దారి వదిలేసి నేరుగా ఓనర్లమైపోతున్నాం. అందుకని ఆ పక్కన కూర్చునే మనిషిని విడిగా వెతుక్కోవాల్సి వస్తోంది.

ఎలా అడగాలి?

ఈ కాలమ్ చదివేవాళ్లలో కొందరు నాకు మెసేజ్‌లు పెడుతుంటారు: "అన్నా, మీరు నాకు మెంటర్‌గా ఉంటారా?" ఏం చెప్పాలో తెలీదు. పెళ్లిచూపుల్లో కాఫీ కప్పు అందుకోకముందే ముహూర్తం ఎప్పుడని అడిగినట్టుంటుంది. అడిగింది ఎంత పనో నాకు తెలీదు, ఎన్నాళ్లో తెలీదు, అందుకే జవాబివ్వను. ఇవ్వకపోతే పొగరు అనుకుంటారు.

బావ తమ్ముడు ఈమధ్య కడియపులంకలో ఒక నర్సరీ ఓనర్‌కి పెట్టిన మెసేజ్ ఇది, ఆయన అనుమతితోనే ఇస్తున్నాను. "నమస్తే అండి. మాది ఆత్రేయపురం. నేను టెర్రస్ మీద పెంచే మొక్కలు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నాను. పోయిన నెల 40 పంపితే 11 చనిపోయాయి. మట్టితో పంపాలా, కొబ్బరి పొట్టుతో పంపాలా అన్నది తేలడం లేదు. ఫోటోలు పెడుతున్నాను. శనివారం మీ నర్సరీ దగ్గరకి వస్తే పదిహేను నిమిషాలు ఇవ్వగలరా?" గంటలో జవాబొచ్చింది. పదిహేను నిమిషాలన్నది రెండున్నర గంటలైంది, ప్యాకింగ్ షెడ్డులో నిలబెట్టి చూపించారట. ఆ మెసేజ్‌లో మెంటర్ అన్న మాటే లేదు.

తర్వాత చెయ్యాల్సిన పనొకటుంది, దాన్ని దాదాపు అందరూ మర్చిపోతారు. ఆయన చెప్పింది చేసి, ఏమైందో వెళ్లి చెప్పడం. బాగా జరిగినా, చెడినా. పెద్దవాళ్లకి మన థ్యాంక్స్ కన్నా ఇదే ఎక్కువ కావాలి. రావులపాలెం పెద్దాయన అయితే ముందు వారం చెప్పింది చెయ్యకుండా వస్తే కొత్త ప్రశ్న వినరు. "పాతదానికి జవాబు తే" అని పంపేస్తారు. బావకి రెండుసార్లు అయింది.

అలాగని ఆయన చెప్పిందల్లా వేదం కాదు. ఎండాకాలంలో ఆయన గట్టిగా చెప్పారు, హైదరాబాద్ వదిలెయ్యమ్మా, రావులపాలెం హైవే మీద నాలుగు కొట్లకి వేసుకో, రోజు డబ్బులు రోజు వస్తాయి అని. అక్క రెండు మంగళవారాలు ఆలోచించి, కాదంది. హైవే కొట్లు డబ్బాకి అడిగే ధర పుస్తకంలో పెట్టి చూస్తే మళ్లీ ఆ ఆరు రూపాయల లెక్కే వస్తోంది. దానికి బదులు హైదరాబాద్‌లో మా వాళ్లున్న అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో, డబ్బు ముందు, పార్శిల్ శుక్రవారం అని పెట్టింది. వారానికి ముప్పై నలభై డబ్బాలు. ఎక్కువ కాదు. కానీ డబ్బా 250, విరిగేవి ఒకటో రెండో. లెక్క చూపిస్తే పెద్దాయన చాలాసేపు పేజీలు తిరగేసి, "ఆయ్. ఇది నాకు తెలీని వ్యాపారం. నువ్వన్నదే రైటు" అన్నారు. నా మూడేళ్ల ప్లాన్ తప్పని ఒప్పుకోవడానికి నాకు ఎన్ని నెలలు పట్టిందో గుర్తొచ్చింది.

ఇప్పుడు నా పని ఏంటంటారా? శుక్రవారం పార్శిళ్లు దింపుకోవడం, గ్రూపులో ఎవరైనా విరిగిందంటే ఫోటో అడగడం. వెబ్‌సైట్ ఇంకా ఉంది. ఎవరూ చూడరు.

గాజులు వినాయక చవితికి ముందు విడిపించారు. అక్క ఫోటో పెట్టలేదు, చెప్పలేదు కూడా. వీడియో కాల్‌లో చెయ్యి ఊపుతుంటే చప్పుడొచ్చింది, అలా తెలిసింది.

పోయిన మంగళవారం రాత్రి ఫోన్ చేసింది. మోరి నుంచి ఎవరో కుర్రాడట, ఇంట్లో జీడిపప్పు ఒలిపించి ప్యాకెట్లు కట్టి అమ్ముతున్నాడట, సలహా కోసం పెద్దాయన దగ్గరకొచ్చాడు. ఆయన అతని ముందే అక్కతో, "నాకు కళ్లు ఆనట్లేదు, వచ్చే వారం నుంచి ఇతని పుస్తకం నువ్వు చూడు" అన్నారట.

"నేనేం చెప్పగలన్రా? నాకే ఇంకా సరిగ్గా రాదు" అంది.

"అతను పుస్తకం తెచ్చాడా?" అన్నాను.

"లేదు. ఫోన్ చూపించాడు."